తొక్కినవాళ్లు పెట్టిన పేర్లు

1819లో లండన్ వీధుల్లోకి ఒక వింత బండి వచ్చింది. రెండు చెక్క చక్రాలు, వాటిని కలుపుతూ ఒక దూలం, దూలం మీద చిన్న మెత్త. పెడళ్లు లేవు. మనిషి దాని మీద కూర్చుని, నేలను కాళ్లతో తన్నుకుంటూ ముందుకు పోవాలి. జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ 1817లో నడిపి చూపిన బండికి ఇది మెరుగుపెట్టిన రూపం. లండన్‌లో దీన్ని తయారు చేసిన డెనిస్ జాన్సన్ ‘పెడెస్ట్రియన్ కరికిల్’ అని హుందాగా పేరు పెట్టాడు. కరికిల్ అంటే అప్పట్లో షోకైన రెండు చక్రాల గుర్రబ్బండి. ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. జనం దాన్ని ‘హాబీ హార్స్’ అన్నారు, అంటే పిల్లలాడుకునే కర్రగుర్రం. సోకు చేసుకున్న కుర్రకారు దాని మీద ఊరేగుతుంటే చూసి ‘డాండీ హార్స్’ అని కూడా అన్నారు. పాత సైకిళ్ల మీద మక్కువ ఉన్నవాళ్లు ఇవాళ్టికీ ఆ బండిని ఈ రెండు పేర్లతోనే పిలుస్తారు.

రెండు శతాబ్దాల సైకిల్ చరిత్రలో ఇదే మళ్లీ మళ్లీ జరిగింది. తయారుచేసినవాడు ఒక పేరు పెడతాడు, తొక్కినవాళ్లు ఇంకో పేరు పెడతారు. ఎక్కువసార్లు నిలిచేది రెండోదే. పాత సైకిళ్లు సేకరించేవాళ్లు కలిసినచోట వినిపించే భాష కొత్తవాళ్లకు అంతుపట్టదు. అందులో ఒక్కో మాటను విప్పి చూస్తే, ఫలానా బండి మనిషిని ఎలా కుదిపిందో, ఎలా పడేసిందో, దేనికి మురిపించిందో తెలుస్తుంది. కంపెనీల ప్రకటనల్లో దొరకని చరిత్ర ఇది.

ఎముకలు కదిలిన కాలం

1860ల్లో పారిస్‌లో మిషో కార్ఖానా ముందు చక్రానికి పెడళ్లు బిగించిన బండ్లు అమ్మడం మొదలుపెట్టింది. ఆ బండి పేరు ‘వెలోసిపెడ్’. వేగం, పాదం అనే అర్థాలున్న లాటిన్ మాటలు కలిపి అల్లిన పేరు. ఇంగ్లండ్‌లో తొక్కినవాళ్లకు మాత్రం అందులో వేగం కన్నా ముందు ఇంకోటి తెలిసొచ్చింది. చెక్క చక్రాలకు ఇనుప పట్టీలు, బిగుసుకుపోయిన ఇనుప చట్రం, కింద గుండురాళ్లు పరిచిన రోడ్డు. చక్రం తిన్న ప్రతి దెబ్బా నడుముకూ పళ్లకూ చేరేది. అందుకే ‘బోన్‌షేకర్’ అన్నారు, ఎముకలు కదిలించేది అని. ఆ తిట్టే తర్వాత గౌరవంగా మారింది. బ్రిటన్‌లో 1955లో మొదలైన వెటరన్ సైకిల్ క్లబ్ తన పత్రికకు పెట్టుకున్న పేరు ‘ది బోన్‌షేకర్’.

తర్వాత వచ్చింది ఎత్తు సైకిల్. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది కాబట్టి, ఎక్కువ దూరం పోవాలంటే చక్రాన్ని పెంచడమే దారి. 1870లో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి పేటెంట్ తీసుకున్న ‘ఏరియల్’తో బిగించిన తీగ పుల్లల చక్రం వచ్చింది. చెక్క బరువు పోయాక ముందు చక్రం ఛాతీ ఎత్తుకు పెరిగింది, వెనక చక్రం కుంచించుకుపోయింది. అప్పట్లో దీన్ని ‘బైసికిల్’ అనేవాళ్లు, అంతే. వేరే రకం లేనప్పుడు వేరే పేరు అక్కర్లేదు.

1885లో స్టార్లీ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ తెచ్చాడు. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, గొలుసుతో వెనక చక్రం తిరుగుతుంది, కాళ్లు నేలకు అందుతాయి. ప్రాణభయం తగ్గింది కాబట్టి ఈ తరహా బండ్లకు ‘సేఫ్టీ’ అనే పేరు స్థిరపడింది. దాంతో పాతదానికీ ఒక పేరు కావలసి వచ్చి ‘ఆర్డినరీ’ అయింది, అంటే మామూలుది. ఇవాళ మన కంటికి అంత అసాధారణంగా కనిపించే బండిని సేకర్తలు ‘ఆర్డినరీ’ అనడం వెనక కథ ఇదే. ‘పెన్నీ ఫార్తింగ్’ అనే పేరు ఇంకా ఆలస్యంగా, ఆ బండి రోడ్ల మీంచి తప్పుకుంటున్న 1890ల్లో వాడుకలోకి వచ్చింది. అప్పటి బ్రిటిష్ పెన్నీ నాణెం వెడల్పు 31 మిల్లీమీటర్ల దాకా ఉండేది, అందులో నాలుగో వంతు విలువున్న ఫార్తింగ్ 20 మిల్లీమీటర్లు. రెండూ పక్కపక్కన పెడితే ఆ సైకిలే. పోలిష్ భాషలో మాత్రం రోవర్ కంపెనీ పేరే సైకిల్‌కు మామూలు మాటైపోయింది. అక్కడ సైకిల్‌ని ‘రోవెర్’ అంటారు.

తలకిందులుగా

ఎత్తు సైకిల్ ఇచ్చిన మాటల్లో అన్నిటికన్నా బరువైనది ‘హెడర్’. తొక్కేవాడి సీటు ఇంచుమించు ముందు ఇరుసుకు నేరుగా పైన ఉంటుంది. చక్రం కింద రాయి పడినా, బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం ఆగిపోతుంది, ఊపు ఆగదు. బండి మొత్తం ఆ ఇరుసు చుట్టూ ముందుకు తిరగబడుతుంది. దూకుదామంటే తొడలు హ్యాండిల్ కింద ఇరుక్కుని ఉంటాయి. తలే ముందు నేలను తాకుతుంది. అలా పడడం ‘హెడర్ తీసుకోవడం’. ఇంకా భారీగా పడితే ‘ఇంపీరియల్ క్రౌనర్’ అనేవాళ్లు, తల నడినెత్తి తగిలిందని.

ఈ భయమే బండిని మార్చింది, తొక్కే తీరునూ మార్చింది. పల్లంలో దిగేటప్పుడు అనుభవజ్ఞులు రెండు కాళ్లూ హ్యాండిల్ మీదుగా ముందుకు చాచేవాళ్లు. ఎగిరిపడితే కాళ్ల మీద పడతామని. ‘వాటన్ బార్స్’ అనే హ్యాండిల్ తొడల కింది నుంచి వెనక్కి వంగి వస్తుంది. దాంతో ముందు అడ్డు ఉండదు. ఇవాళ ఒక పాత ఆర్డినరీకి ఆ హ్యాండిల్ కనబడితే, దాని యజమాని పడడం గురించి ముందే ఆలోచించుకున్నవాడని సేకర్త ఇట్టే చెప్పగలడు.

పోయిన చక్రం, మిగిలిన అంగుళం

ఎత్తు సైకిల్ తొక్కేవాళ్లు తమ బండిని అంగుళాల్లో చెప్పుకునేవాళ్లు. అది ముందు చక్రం వ్యాసం. పొడుగు కాళ్లవాడికి పెద్ద చక్రం, పొట్టివాడికి చిన్నది. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 1886లో యోకొహామా చేరి ప్రపంచాన్ని చుట్టిన థామస్ స్టీవెన్స్ తొక్కింది 50 అంగుళాల కొలంబియా. దారిలో అతను లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు.

గొలుసు వచ్చాక చక్రం సైజుకూ, ఒక చుట్టుకు పోయే దూరానికీ సంబంధం తెగిపోయింది. అయినా పాతవాళ్లకు అంగుళాల్లో చెబితేనే ఒంటికి తెలిసేది. అందుకని కొత్త బండి ఎన్ని అంగుళాల ఎత్తు సైకిల్‌కు సమానమో లెక్క కట్టుకున్నారు. ఆ లెక్క పేరు ‘గేర్ ఇంచ్’. మన నల్ల సైకిల్‌తోనే చూద్దాం. ముందు చైన్‌వీలుకు 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు, చక్రం 28 అంగుళాలు అనుకుంటే, 44ను 18తో భాగించి 28తో గుణించాలి. సుమారు 68 వస్తుంది. అంటే మన ఊళ్లో పాలక్యాన్లు మోసే సైకిల్, 68 అంగుళాల ఆర్డినరీతో సమానం. నిజంగా అంత చక్రం ఉంటే మామూలు మనిషి కాళ్లకు పెడళ్లు అందవు. ఒక్క తొక్కుకు ఇంచుమించు ఐదున్నర మీటర్లు పోతుంది. ఫ్రెంచివాళ్లు ఆ మీటర్లనే కొలతగా తీసుకున్నారు. ఇంగ్లిషు మాట్లాడే సైకిలిస్టులు చాలామంది మాత్రం, ఏనాడో పోయిన చక్రాన్ని ఇంకా మనసులో తిప్పుతూనే ఉన్నారు. నాకు ఈ భాషలో అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. వాడేవాడికి తెలియకుండానే 1870లు అందులో బతికి ఉన్నాయి.

గ్యాస్ పైపు నుంచి ఎగిరే గేటు దాకా

1930ల నుంచి బ్రిటన్‌లో ‘లైట్‌వెయిట్’ల, అంటే తేలికపాటి సైకిళ్ల కాలం. ఇక్కడ మాటలన్నీ గొట్టం చుట్టూ తిరుగుతాయి. మందంగా, బరువుగా ఉండే చౌక గొట్టంతో చేసిన ఫ్రేమును ‘గ్యాస్ పైపు’ అని తీసిపారేస్తారు. మంచి గొట్టం ‘డబుల్ బట్టెడ్’. అతుకులు పడే రెండు కొసల దగ్గర మందంగా, దెబ్బ తక్కువగా ఉండే నడుమ పలుచగా ఉంటుంది. బయట నుంచి తేడా కనబడదు, తేడా అంతా లోపలి గోడలో. ఈ పద్ధతికి 1897లో పేటెంట్ తీసుకున్న రేనాల్డ్స్ వాళ్లే 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాన్ని ‘531’ పేరుతో తెచ్చారు. దాన్ని ఐదు వందల ముప్పై ఒకటి అనరు, ‘ఫైవ్ త్రీ వన్’ అనాలి. ఫ్రేము మీది రేనాల్డ్స్ స్టిక్కర్‌ను తెలిసినవాళ్లు ఊరికే చూసి వదలరు, మాట మాటా చదువుతారు. మూడు ప్రధాన గొట్టాలకే 531 వాడారా, ఫోర్కుకూ వెనక పుల్లలకూ కూడా వాడారా అన్నది అందులో రాసి ఉంటుంది. ధర అక్కడే తేలిపోతుంది.

బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన బెయిన్స్ కంపెనీ ఒక పొట్టి చట్రం చేసి తనదైన పేరు పెట్టింది. సీటు కింది గొట్టం నిటారుగా నిలబడి, అదనపు పుల్లలతో అది తోట గేటులా కనిపించేది. జనం ‘ఫ్లయింగ్ గేట్’ అన్నారు. కంపెనీ పెట్టిన పేరు మరుగున పడింది. దశాబ్దాల తర్వాత అదే తరహా ఫ్రేము మళ్లీ తయారైనప్పుడు అధికారికంగానే ‘ఫ్లయింగ్ గేట్’ పేరుతో అమ్మారు. లండన్ కంపెనీ హెచిన్స్ వెనక పుల్లల్ని వంపులు తిప్పింది, అవి ‘కర్లీ’లు అయ్యాయి. ఇలాంటి ఆకారాలు అప్పుడే ఎందుకు పుట్టాయంటే పాతకాపులు ఒక కారణం చెబుతారు. అమెచ్యూర్ పోటీదారుల ఫొటోల్లో కంపెనీ పేరు కనబడకూడదని నిబంధన ఉండేది. అక్షరాలు చెరిపినా ఆకారం చెరగదు కదా. పేరు రాయడానికి వీల్లేని చోట ఫ్రేమే పేరైంది.

1970ల్లో బరువు తగ్గించే పిచ్చి ఇంకా ముదిరి, బ్రేకు లివర్లకూ చైన్‌వీళ్లకూ వరసగా బెజ్జాలు వేసేవాళ్లు. ఆ బెజ్జాల అందానికి ‘డ్రిలియం’ అని పేరు. టైటానియం, అల్యూమినియం సరసన ఇంకో లోహం అన్నట్టుగా. ఇటలీ కంపెనీ కాంపన్యోలోను బ్రిటన్‌లో ‘కాంపాగ్’, అమెరికాలో ‘కాంపీ’ అని ముద్దుగా పిలుస్తారు. ఎవరు ఏమన్నారో బట్టి ఏ ఒడ్డునుంచి వచ్చారో చెప్పవచ్చు.

అమెరికాకు తనదైన మాట కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ ఇచ్చింది. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు 1930ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు ఏరుకొచ్చి కొండదారుల్లో దించేవాళ్లు. వాటిని ‘క్లంకర్లు’ అన్నారు, డొక్కు బండ్లు అని. రెండు మైళ్లలో దాదాపు 1,300 అడుగులు దిగే ఒక మట్టిదారిలో 1976 అక్టోబరులో పందెం పెట్టారు. వెనక హబ్బులోనే బ్రేకు ఉండడం వల్ల కిందికి చేరేసరికి లోపలి గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరాల్సిందే. ఆ కూరడమే ఆ దారికి పేరైంది, ‘రీప్యాక్’. ఇవాళ్టి మౌంటెన్ బైక్ వంశవృక్షానికి మొదట్లో ఉన్నది ఈ మెకానిక్ పని.

కొనుగోళ్లలో వినిపించే మాటలు ఇంకో రకం. ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉండి బయటపడ్డది ‘బార్న్ ఫైండ్’. పాతకాలంలో తయారై ఎన్నడూ వాడని విడిభాగం ‘ఎన్.ఓ.ఎస్.’. రంగు వేయకుండా నూనెగుడ్డతో తుడుస్తూ కాపాడిన బండి ‘ఆయిలీ రాగ్’, ఇదే ఎక్కువమంది మనసుకు నచ్చే స్థితి. స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు మీద తయారైన ఏడాది అంకెలు గుద్ది ఉంటాయి, కాబట్టి ‘62 హబ్బు’ లాంటి మాటలు వినబడతాయి. అది చక్రం వయసే తప్ప బండి వయసు కాకపోవచ్చునని పెద్దలు వెంటనే హెచ్చరిస్తారు. 1997 నుంచి ఇటలీలోని గయోలేలో జరిగే ‘లెరోయికా’ యాత్ర దీనికంతటికీ ఒక గీత గీసింది. 1987కు ముందునాటి సైకిళ్లు, కింది గొట్టం మీద గేరు మీటలు ఉండాలి. ఇప్పుడు ‘లెరోయికాకు పనికొస్తుందా’ అన్నదే ఒక కొలమానం.

మన మెకానిక్ నోట

ఇంగ్లండ్ సేకర్తలు మురిపెంగా పలికే కొన్ని మాటలు మనకు బజారు మాటలు. రాడ్డు బ్రేకులు, కాటర్ పిన్ను, వుడ్స్ వాల్వ్, 28 బై ఒకటిన్నర టైరు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైనప్పుడు మన దేశం చేసుకున్నది ఇంగ్లిష్ రోడ్‌స్టర్ అచ్చునే. అక్కడ ఆ బండి మ్యూజియం దారి పట్టాక కూడా ఇక్కడ ధాన్యం బస్తాలూ అరటి గెలలూ మోసింది. కాటర్ పిన్ను అరిగితే పెడల్ ప్రతి చుట్టులో ఒకచోట కటుక్కుమని జారుతుంది. అక్కడి సేకర్తకు దాన్ని ఊడదీయడం పెద్ద గండం, దానికోసం ప్రత్యేక పనిముట్లు ఉన్నాయి. మన మెకానిక్ నట్టు వదులు చేసి, సుత్తితో ఒక్కటిచ్చి తీసేస్తాడు. వుడ్స్ వాల్వ్ ఇక్కడ ‘వాల్‌ట్యూబు’. లోహపు గొట్టానికి తొడిగే రబ్బరు ముక్క పేరే మొత్తానికి పేరైంది, ఎందుకంటే చిరిగేదీ మార్చేదీ అదే.

సీటు అందని పిల్లలు ముందు కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి తొక్కేదాన్ని కొన్ని ఊళ్లలో అడ్డతొక్కుడనీ, కొన్నిచోట్ల కత్తెర తొక్కుడనీ అన్నారు. ఏ కంపెనీ కేటలాగులోనూ ఆ మాట లేదు. ‘ఫ్లయింగ్ గేట్’ పుట్టిన చోటే అదీ పుట్టింది, తొక్కేవాళ్ల మధ్య.

ఇంగ్లిష్ మాటలు నిలిచాయంటే 1955 నుంచీ ఓపికగా రాసిపెట్టిన క్లబ్బులు ఉన్నాయి కాబట్టి. మన మాటలకు అలాంటి దిక్కు లేదు. బేరింగు గుండ్లు, వంకర తిరిగిన రిమ్ముకు బెండు తీయడం, డబుల్స్, గంటల లెక్కన అద్దె సైకిళ్లు వీటి చుట్టూ ఉన్న పలుకుబడి జిల్లా జిల్లాకూ మారుతుంది. అది తెలిసిన తరం పెద్దదైపోతోంది. సైకిల్ షాపు నడిపిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని, విడిభాగాలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఆయన దాన్ని ఏమంటాడో, ఏ ఊళ్లో, ఏ కాలంలో అన్నాడో రాసుకుంటే చాలు. తెలుగునాట సైకిల్ చరిత్ర అక్కడ మొదలవుతుంది. ఆ పని ఇప్పుడే చేయాలి.