పచ్చిక, తోటల ఋతు సంరక్షణ (గోరంట్ల – పెనుకొండ ప్రాంతం)

ఇంటి ముందరి పచ్చికను, చుట్టూ ఉన్న మొక్కలను, చెట్లను కాలాన్నిబట్టి ఏడాది పొడవునా చూసుకునే పనిని ఋతు సంరక్షణ అనవచ్చు. ఏ నెలలో ఏ పని చేయాలో పట్టికలు కట్టి, పుస్తకాలు రాసి దీన్నొక విద్యగా నిలబెట్టినవాళ్ళు చలి దేశాలవాళ్ళు. మంచు కురిసే నెలల్లో అక్కడి గడ్డి ఎదగడం మానేస్తుంది. శరత్తులో దాన్ని చలికి సిద్ధం చేయడం, వసంతంలో మళ్ళీ చిగురింపజేయడం వాళ్ళ పనుల్లో ముఖ్యమైనవి. శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో గడ్డి ఎదగడం మానేసేది ఏప్రిల్, మే నెలల్లో. నీళ్ళు లేక, ఎండకు తాళలేక మానేస్తుంది. ఈ సీమలో తోటల చరిత్ర చాలావరకు నీటి చరిత్రే.

నేల, వాన

ఈ ప్రాంతం ఉన్న పూర్వపు అనంతపురం జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉంది. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తున ఉండటంతో రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి గాని, నేల గడ్డకట్టే చలి ఎన్నడూ ఉండదు. ఎర్రనేల లోతు తక్కువ, పడ్డ నీరు నిలవదు. ఈ నేలకు సహజమైన పచ్చిక గరిక. ఎండకు పైన మాడినా వేరు, కణుపు బతికే ఉంటాయి. ఒక్క వాన పడితే వారంలో పచ్చబడుతుంది. పశ్చిమ దేశాల్లో బెర్ముడా గడ్డి పేరుతో ఆటస్థలాల్లో పెంచేదీ ఈ గరికనే. మన రైతు దాన్ని చేలో కలుపుగా పీకి పారేస్తే, గోల్ఫు మైదానాలవాళ్ళు దాని సంకర రకాలను కొని నాటుకుంటారు.

నీటి వెంట తోట

విజయనగర కాలంలో పెనుకొండ ముఖ్యమైన రాజ్యభాగానికి కేంద్రం. 1565లో విజయనగరం ఓడిపోయిన యుద్ధం తరువాత పాలన చేపట్టిన తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఇక్కడి రాజభవనం గగనమహల్ నేటికీ నిలిచి ఉంది. అయితే తోటల చరిత్రకు అంతకంటే విలువైన ఆధారం 1388 నాటి ఒక శాసనం. పెనుకొండ నుంచి పాలిస్తున్న ప్రతాప బుక్కరాయలు, ప్రజలు సుఖంగా ఉండాలంటే నీరు కావాలని తలచి, పెన్నా నదిని పెనుకొండకు తెమ్మని సింగయభట్టును ఆజ్ఞాపించాడు. సింగయభట్టు జలసూత్రం, అంటే నీటిని నడిపించే విద్య తెలిసినవాడు. గౌరిబిదనూరు దగ్గరి కల్లూడి వద్ద కాలువ తవ్వించి పని సాధించాడు. నేటి భాషలో చెప్పాలంటే నీటిపారుదల ఇంజనీరు. పాలకుడి పేరుతో పాటు ఇంజనీరు పేరు కూడా శాసనానికి ఎక్కిందంటే, ఆ సీమలో నీటికి ఉన్న విలువ ఎంతో తెలుస్తుంది.

ఆలయాలకు పూలతోటలు, నందనవనాలు దానమివ్వడం ఆ కాలపు ఆచారం. చిత్రావతి ఒడ్డున గోరంట్లలో ఉన్న మాధవరాయస్వామి ఆలయం, లేపాక్షి వీరభద్రాలయం విజయనగర కాలపు నిర్మాణాలే. గుడి తోటలో పచ్చిక బయలు ఉండేది కాదు. మల్లె, గన్నేరు, తులసి, మారేడు వంటి పూజకు పనికొచ్చేవే ఉండేవి. వాటికి బావి నుంచి కపిలతో (ఎద్దులు లాగే తోలు బానతో) నీళ్ళు తోడి, మడవలు కట్టి పాదులకు పారించేవారు. నీరు ఆవిరి కాకుండా పాదు చుట్టూ ఆకులు, చెత్త కప్పడం, వేసవిలో ఎండిన చెరువులోని పూడిక మన్ను తెచ్చి పోయడం పల్లెల్లో తరతరాలుగా సాగిన పద్ధతులు. ఇవి ఎక్కువగా తోటమాలి చేతిలోనే ఉండిపోయాయి.

1687లో మొగలులు నేటి కర్ణాటకలోని సిరాను ఒక సుబాకు (రాష్ట్రానికి) కేంద్రంగా చేసినప్పుడు దాని ఏడు పరగణాల్లో పెనుకొండ ఒకటయింది. సిరాలో వాళ్ళు వేయించిన ఖాన్‌బాగ్ చతురస్రాలుగా విభజించిన మొగలు తోట. హైదర్ అలీ 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ మొదలుపెట్టినప్పుడు సిరా తోటలే నమూనా అని చరిత్రకారులు రాశారు. ఇలా చూస్తే, ఈనాడు హిందూపురంవాళ్ళు మొక్కల కోసం బెంగళూరు వైపు చూస్తున్నారు గాని, ఒకప్పుడు తోట వేసే పద్ధతి ఈ మెట్టసీమ నుంచే అటు వెళ్ళింది. లాల్‌బాగ్ 1856లో ప్రభుత్వ వృక్షోద్యానం అయింది. 1908లో మైసూరు సంస్థానంలో చేరిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్, ఏడాదిలో ప్రతి కాలంలోనూ ఏదో ఒక జాతి చెట్టు పూసేటట్టు బెంగళూరు వీధుల్లో చెట్లు నాటించాడు. దక్కను మెట్టలో ఋతువును తోటలోకి తెచ్చిన ఆలోచనల్లో దీన్ని మించినది లేదు.

ఇంగ్లీషు లాన్

గడ్డిని దువ్వినట్టు సమంగా కోయించడం ఇంగ్లండు జమీందార్ల వేడుక. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం కనిపెట్టాక అది మధ్యతరగతి ఇళ్ళకూ చేరింది. ఇంగ్లీషువాళ్ళ వెంట ఈ లాన్ మన దేశానికీ వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి చలికాలపు అసలు పరీక్ష ఊటీలో ఎదురైంది. 1848లో లండన్‌లోని క్యూ వృక్షోద్యానం నుంచి వచ్చిన మెక్‌ఐవర్ అక్కడ ప్రభుత్వ ఉద్యానాన్ని తీర్చిదిద్దాడు. సుమారు 2,240 మీటర్ల ఎత్తున డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేలమీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి తెల్లవారుజామున పచ్చికపై నీళ్ళు చిమ్ముతారు, లేత మొక్కలకు కప్పు వేస్తారు. గడ్డకట్టిన గడ్డి మీద నడిస్తే పరకలు విరిగి, అడుగులు పడ్డ మేర గోధుమరంగు మచ్చలు తేలతాయి.

వైస్రాయి లార్డ్ కర్జన్ కాలంలో తాజ్‌మహల్ తోటను లాన్‌లతో మార్చాక, రక్షిత కట్టడం చుట్టూ పచ్చిక ఉండాలన్నది పురావస్తు శాఖకు అలవాటయింది. లేపాక్షి నంది చుట్టూ కనిపించే పచ్చిక ఆ సంప్రదాయానిదే. కంటికి హాయిగానే ఉంటుంది. అయితే ఆ నందిని చెక్కిన నాటి శిల్పి దాన్ని పచ్చిక నడుమ ఊహించి ఉండడని చెప్పడం తప్పు కాదు.

చలి దేశపు పట్టిక

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ విద్యను అక్కడికి వెళ్ళాకే నేర్చుకున్నాయి. అక్కడి కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై గడ్డి రకాలు 15 నుంచి 24 సెల్సియస్ డిగ్రీల మధ్య బాగా ఎదుగుతాయి. ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా విత్తనం చల్లుతారు, నేలకు రంధ్రాలు పొడిచి గాలి ఆడనిస్తారు, శరత్తులో ఎరువు వేస్తారు. రాలిన ఆకులు ఊడ్చకపోతే మంచు కింద బూజు తెగులు పడుతుంది. దారి మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు అంచున ఉన్న గడ్డిని మాడుస్తుంది. వసంతంలో నేల వేడి 13 డిగ్రీలకు చేరే వేళకు కలుపు మొలవకుండా మందు చల్లాలి. మన ఇళ్ళవాళ్ళకు వేరే తిప్పలు కూడా ఉన్నాయి: గోంగూర విత్తనం చివరి మంచు వెళ్ళాక మే నెలలో నాటాలి, కరివేపాకు, మల్లె తొట్లు అక్టోబరులో ఇంట్లోకి మోయాలి.

ఆ పట్టికకూ చట్టాలు అడ్డు తగిలాయి. లాన్‌ల నుంచి కొట్టుకుపోయే భాస్వరం చెరువుల్లో నాచు పెంచుతోందని అమెరికాలోని మిన్నెసోటా 2002లో చట్టం చేసి, 2005 నుంచి రాష్ట్రమంతటా దాని వాడకాన్ని పరిమితం చేసింది. అందానికి మాత్రమే చల్లే పురుగుమందులను కెనడాలోని ఒంటారియో 2009లో నిషేధించింది.

ఇక్కడి పట్టిక

ఈ సీమలో పని కార్తెలనుబట్టి సాగుతుంది. రోహిణి కార్తె దాకా గరికను బతికించి ఉంచడమే పని: కోత మానేసి, ఎరువు ఆపి, వేళ్ళు చావకుండా అప్పుడప్పుడు తడిపితే చాలు. మృగశిర వానకు నేల తవ్వి, పశువుల ఎరువు కలిపి, గరిక కణుపులు నాటవచ్చు. హస్త, చిత్త కార్తెల వానలు వాటిని నేలకు పట్టిస్తాయి. సెప్టెంబరు మిన్నెసోటావాళ్ళకూ గోరంట్లవాళ్ళకూ గడ్డి వేళ్ళూనే నెలే కావడం వింత. అక్కడ ఎండ తగ్గినందుకు, ఇక్కడ వాన కురిసినందుకు. ఏ కోతలోనూ పరకలో మూడోవంతుకు మించి తీయకూడదన్న నియమం రెండు చోట్లా ఒకటే.

ఇళ్ళ ముందు, కల్యాణ మండపాల్లో, కొత్త లేఔట్లలో ఇప్పుడు కొరియన్ గడ్డి పలకలు పరుస్తున్నారు. వేసవిలో ఇలాంటి పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, 100 చదరపు మీటర్లకు 500 లీటర్లు, ఫిబ్రవరి నుంచి మే దాకా 60,000 లీటర్లు. బోర్ల మీద ఆధారపడ్డ ఊళ్ళలో ఇది చిన్న లెక్క కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్ల తవ్వకాన్ని నియంత్రిస్తుంది. 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకంతో డ్రిప్పు పొలాల నుంచి పెరళ్ళకూ వచ్చింది. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు చేరినా అది తాగునీటికి, పంటలకు, పరిశ్రమలకు పంపిణీ కావలసిన నీరు. ఈ ప్రాంతంలో కొత్తగా తోట వేసేవారికి గరిక, గన్నేరు, కాగితపు పూలు, వేప, కానుగ సరిపోతాయి. కొరియన్ లాన్ పరిచేవారు ముందు వేసవి నీటి లెక్క చూసుకోవాలి.