పైపూత - పసిడి : నైలునది తీరం నుండి సామల్పట్టి దాకా

విద్యాసంస్థకు ఇరువదియైదేండ్లు నిండితే రజతోత్సవం, ఏబదియేండ్లు నిండితే స్వర్ణోత్సవం, డెబ్బదియైదేండ్లు నిండితే ప్లాటినం జూబిలీ. కాలాన్ని సైతం లోహాల పేర్లతో కొలుచుకొనే అలవాటు మానవునికి ఏర్పడినది. ఆ లోహాలలో బంగారం స్థానం ప్రత్యేకమైనది. అది అందినవారికి ఆభరణం, అందనివారికి ఆశ. ఆ ఆశకును, ఆ లోహానికిని నడుమ గల దూరాన్ని పలుచని పూత ఒకటి తగ్గించిన చరిత్ర వేల యేండ్లనాటిది.

జోలార్‌పేట నుండి సేలం వెళ్ళే రైలుమార్గంలో ఉన్న సామల్పట్టి నేడు కృష్ణగిరి జిల్లాలోనిది. 2004లో ధర్మపురి నుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలోను, హోసూరు ప్రాంతంలోను తెలుగు మాటాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నవి. ఇక్కడి తెలుగువారు బంగారు పూత నగలను తమిళనాట వాడుకలో ఉన్న మాటతోనే ‘కవరింగు నగలు’ అంటారు. చిదంబరం కవరింగు ఈ నాట పేరు పొందినది. ఆంధ్రదేశంలో వీనినే గిల్టు నగలు, రోల్డుగోల్డు అని, ఇటీవల వన్‌గ్రాము గోల్డు అని వ్యవహరిస్తున్నారు. పూర్వులు ఇట్టి పూతను ‘మొలాము’ అన్నారు. మెరుపే గాని బంగారం లేనిదానిని ‘కాకిబంగారం’ అన్నారు. రెండింటికి రెండు పేర్లు ఉండడం గమనింపదగినది. పూత వేరు, మోసం వేరు అన్న వివేకం మన భాషలోనే ఇమిడి ఉన్నది.

దేవతల దేహం

ఈ వివేకానికి మూలం వెదుకుతూ పోతే ప్రాచీన ఈజిప్టు ఎదురవుతుంది. ఈజిప్షియనుల విశ్వాసం ప్రకారం దేవతల దేహం బంగారం, ఎముకలు వెండి, కురులు నీలవర్ణపు లాజవర్ద శిల. తుప్పు పట్టనిది, వన్నె తగ్గనిది గనుక బంగారం వారికి అమరత్వానికి గుర్తు. హాథోర్ దేవిని వారు స్వర్ణదేవిగా కొలిచినారు. వారి చిత్రలిపిలో బంగారాన్ని తెలిపే గుర్తు పూసలు వ్రేలాడే ఒక కంఠహారం. లోహం పేరే నగ రూపంలో వ్రాసిన జాతి అది.

1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ టుటన్‌ఖామన్ సమాధిని కనుగొన్నాడు. రాజు దేహాన్ని ఉంచిన పేటికలు మూడు, ఒకదానిలో ఒకటి అమర్చినవి. లోపలిది మేలిమి బంగారంతో చేసినది, బరువు సుమారు 110 కిలోలు. మిగిలిన రెండును కొయ్యతో చేసి బంగారు రేకు తొడిగినవి! వానిని ఆవరించిన నాలుగు పెద్ద మందిరాలు కూడా బంగారు పూత వేసిన కొయ్యవే. అంతటి సమ్రాట్టుకే పూత అవసరమైనప్పుడు సామాన్యుని మాట చెప్పనక్కరలేదు. తరువాతి శతాబ్దాలలో కలవారు నారబట్టకు సున్నపు పూత పట్టించి చేసిన ముసుగులపై పలుచని బంగారు రేకు అంటించి తమవారి ముఖాలకు తొడిగినారు. దేవతలతో సమానమైన దేహం మృతునికి లభించాలన్నదే వారి కోరిక. ఆ పూత ఎవరినీ వంచించడానికి ఉద్దేశించినది కాదు.

అయితే ఆ మతమే మరొక మాట కూడా చెప్పినది. మరణానంతరం మనిషి హృదయాన్ని త్రాసులో ఒక ప్రక్కన, సత్యానికి అధిదేవత అయిన మాఅత్ ఈకను మరొక ప్రక్కన ఉంచి తూచుతారని వారి నమ్మకం. పేటికపై ఎంత బంగారం ఉన్నదో ఆ త్రాసు అడుగదు.

ఆశ ఉన్నచోట అపహరణ కూడా ఉండినది. తొమ్మిదవ రామెసీస్ కాలపు న్యాయవిచారణ పత్రాలు కొన్ని నేటికీ నిలిచినవి. సమాధులు దోచినవారు పేటికలను తగులబెట్టి వానిపై పూతను రాబట్టుకొన్నట్లు అందులో అంగీకరించినారు. మరి కొన్ని శతాబ్దాల తరువాత, క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిదిగా భావింపబడే గ్రీకు పత్రం ఒకటి థీబ్సులో దొరికి, హాలండులోని లైడెన్ నగరానికి చేరినది. అందులో బంగారాన్ని, వెండిని అనుకరించే పద్ధతులు సుమారు వంద ఉన్నవి. రాగి వస్తువుకు ఒరగల్లు సైతం పసిగట్టలేనంతగా పసిడి రూపం కల్పించే ఉపాయం వానిలో ఒకటి. పూత దాటి మోసంలో అడుగు పెట్టిన చోటు ఇదే.

మసాలియా నుండి చిలకలపూడి

ఈజిప్టుకును తెలుగు తీరానికిని పరిచయం కొత్తది కాదు. క్రీ.శ. ఒకటవ శతాబ్దంలో ఈజిప్టులో నివసించిన గ్రీకు వర్తకుడు వ్రాసినదని తలచే ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అను గ్రంథంలో ‘మసాలియా’ పేరు కనిపిస్తుంది. అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా నేస్తారని దానిలో ఉన్నది. అది మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించినారు.

ఆ మచిలీపట్నంలోని చిలకలపూడి నేడు దేశమంతటా తెలిసిన పేరు. అక్కడి రోల్డుగోల్డు పరిశ్రమపై వేల కుటుంబాలు ఆధారపడి బ్రతికినవి. పాత పద్ధతిలో రాగి లేదా ఇత్తడి కడ్డీపై పలుచని బంగారు రేకును వేడితో అతికి, రోలర్ల నడుమ సాగదీసి, రేకుగానో తీగగానో చేస్తారు. ఎంత సాగదీసినా బంగారానికి, లోపలి లోహానికి ఉన్న నిష్పత్తి మారదు. ఈ రోలర్ల వలననే రోల్డుగోల్డు అను పేరు వచ్చినది. తరువాత విద్యుత్తుతో పూత వేసే పద్ధతి వ్యాపించినది. ఇటలీ శాస్త్రజ్ఞుడు బ్రుగ్నతెల్లి 1805లో దీనిని సాధింపగా, 1840లో బర్మింగ్‌హాములో ఎల్కింగ్టన్‌లు పేటెంటు పొందినారు. బంగారు లవణం కరిగిన ద్రావకంలో నగను ఋణధ్రువంగా వ్రేలాడదీసి విద్యుత్తు పంపితే బంగారం దానిపై చేరుతుంది. ఈ పూత మందం తరచు ఒక మైక్రానుకు కూడా చాలదు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు లోపే. ఆ ద్రావకంలో వాడే సయనైడు ప్రాణాంతకమైన విషం. చౌకనగ మెరుపు వెనుక పనివాని ప్రమాదం కూడా ఉన్నదని కొనేవారు మరువరాదు.

కోలారు, హోసూరు

సామల్పట్టి ఉన్న జిల్లాకు పొరుగుననే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన పిమ్మట అక్కడ త్రవ్వకాలు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు సాగినవి. ఆ గనులలో తెలుగు, తమిళ కార్మికులు తరాలుగా శ్రమించినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. దేశపు బంగారం పొరుగుననే వెలికి వచ్చినా, తీసిన చేతులకు దక్కినది కూలి మాత్రమే.

మరొక దెబ్బ స్వర్ణకారులకు తగిలినది. చైనా యుద్ధానంతరం, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా ఉండగా, 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చినవి. 14 క్యారెట్లకు మించిన వన్నెతో నగలు చేయరాదన్నారు. తరతరాల కులవృత్తి ఒక్కసారిగా తలక్రిందులైనది. ఎందరో కొలిమి ఆర్పివేసి వేరు పనులు వెదుక్కొన్నారు, కొందరు ప్రాణాలే తీసుకొన్నారు. 1966లో క్యారెట్ల పరిమితిని ఎత్తివేసినా, 1968 నాటి నియంత్రణ చట్టం 1990 దాకా కొనసాగినది. బంగారం పెట్టెలో దాచుకోవడమే నేరమవుతుందేమోనన్న రోజులలో పూత నగ కొన్న ఇల్లాలు ఎవరినీ మోసగించలేదు. తన ఇంటి శుభకార్యానికి వెలితి రానీయలేదు, అంతే.

ఆ తరువాత హోసూరులో టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి నెలకొల్పిన టైటాన్ గడియారాల కర్మాగారం వచ్చినది. బంగారు పూత గడియారం మధ్యతరగతి పెండ్లికానుక అయినది. 1990ల నడుమ అదే సంస్థ హోసూరులోనే నగల తయారీకి పూనుకొని తనిష్క్‌ను ఆరంభించినది. నగలో బంగారమెంతో అక్కడికక్కడే చూపే క్యారెట్ మీటరును దుకాణాలలో ఉంచినది. హాల్‌మార్కు ముద్ర 2000లో మొదలై, 2021 జూన్ నుండి అనేక జిల్లాలలో తప్పనిసరి అయినది. 916 అని ఉంటే 22 క్యారెట్లు. ముద్ర ఉన్నది బంగారం, లేనిది పూత అని వివరంగా చెప్పి అమ్మినప్పుడు రెండింటికీ గౌరవమే.

పుస్తకాలకు ఒరగల్లు

సామల్పట్టి మీదుగా మద్రాసు వెళ్ళే రైళ్ళు సెంట్రల్ స్టేషనుకు చేరుతవి. ఆ స్టేషను ప్రక్కనే 1900లో ప్రారంభమై, 1985లో అగ్నికి ఆహుతి అయిన మూర్ మార్కెట్టు పాత పుస్తకాలకు పెట్టింది పేరు. హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటలు అట్టివే. ఆ నగరంలోనే పబ్లిక్ గార్డెన్స్ ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉన్నది. ఆరవ నిజాం అల్లుడు దానిని కొని తేగా, ఏడవ నిజాం ప్రదర్శనశాలకు ఇచ్చినాడు. దానిని చూసివచ్చిన బాలునికి ఈజిప్టు మతాన్ని గురించి చదవాలని కోరిక పుట్టడం సహజం.

అయితే పుస్తకాలలోను పూత ఉన్నది. వాలిస్ బడ్జ్ 1895లో ‘మృతుల గ్రంథం’ అనువదించినాడు, 1904లో ఈజిప్టు దేవతలపై రెండు సంపుటాలు వెలువరించినాడు. ప్రచురణ హక్కులు తీరిపోయినందున అవి నేటికీ మెరిసే అట్టలతో చౌకగా లభిస్తవి. కాని షాంపోలియో 1822లో తెరచిన ఆ లిపి చదువు బడ్జ్ తరువాత ఎంతో ముందుకు సాగినది. నేటి పండితులు ఫాక్‌నర్ 1972 నాటి అనువాదాన్ని, దేవతా భావనపై ఎరిక్ హోర్నుంగ్ రచనను మేలుగా ఎంచుతారు. బడ్జ్ పుస్తకం పాత మొలాము వంటిది. లోపల కొంత విలువ ఉన్నది, కాలం చెరిపినది కూడా ఉన్నది. ఇక పిరమిడ్లను ఆకాశవాసులు కట్టినారనే రీతి పుస్తకాలు 1968లో డానికెన్ రచన నాటి నుండి వెల్లువెత్తినవి. అవి కాకిబంగారం. 2013లో ఎర్రసముద్ర తీరాన వాడి అల్ జర్ఫ్‌లో దొరికిన పత్రాలలో మేరేర్ అను అధికారి, ఖుఫూ పిరమిడ్డుకు సున్నపురాయిని పడవలపై చేర్చిన పనిని దినచర్యగా వ్రాసి ఉంచినాడు. కట్టినవారు మనుషులే, కూలీలు, పడవవారు, లేఖకులు.

నగ కొన్నా, పుస్తకం కొన్నా అడుగవలసినది ఒక్కటే. ఇది తానేమిటో నిజం చెప్పుచున్నదా? థీబ్సుకు చెందిన క్రీ.పూ. 7వ శతాబ్దపు పెట్టె ఒకటి ఫ్రాన్సులో ఉన్నది. దానిలో పొదిగిన చిన్న లోహపు ముక్కను 1901లో రసాయన శాస్త్రజ్ఞుడు బెర్తెలో పరీక్షింపగా అది ప్లాటినం అని తేలినది. పొదిగిన శిల్పి దానిని వెండి అనే తలచి ఉంటాడని పండితుల ఊహ. పైకి కనబడే మెరుపును దాటి లోపలి వన్నెను పట్టి చూసే ఒరగల్లును పిల్లల చేతికి అందించడమే విద్యాలయం పని. డెబ్బదియైదేండ్లుగా ఆ పని చేసిన ఏ బడికైనా ఆ పేరు తగినదే.