మన కుటుంబ చరిత్రములు – వాని ఆధారములు

పితృకార్యమున పురోహితుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లడుగును. గోదావరీ పుష్కరములలో పిండప్రదానమునకు కూర్చుండినవారు మొదటి రెండు పేర్లు తడుముకొనక చెప్పుదురు. మూడవ పేరు చెప్పగలవారు కొలది. నాలుగవ తరము నెఱిగినవారు మిక్కిలి యరుదు. 2015వ సంవత్సరపు పుష్కరములు గడచినవి. మరల 2027లో పుష్కరములు రానున్నవి. ఈ లోపల మన కుటుంబములలో ప్రతియొక్కటియు తన నాలుగవ, అయిదవ తరముల వారిని కనుగొనవలెనని కోరి యీ వ్యాసమును వ్రాయుచున్నారము.

కుటుంబ చరిత్రమనగా బిరుదావళి గాదు. దాక్షారామ భీమేశ్వరాలయ స్తంభములమీదను, పలివెల కొప్పేశ్వరాలయమునను శాసనములు కలవు. అవి దానములిచ్చిన రాజుల పేర్లను, మంత్రుల పేర్లను, భూస్వాముల పేర్లను నిలిపినవి. కర్నలు మెకంజీ కావలి సోదరుల సాయమున సేకరింపించిన కైఫీయతులు గ్రామముల పుట్టుకను, దేవాలయముల మాన్యములను, కరణముల మిరాశీలను చెప్పుచున్నవి. మోకుతో తాడిచెట్టెక్కి బ్రతికిన మన పెద్దల పేర్లు వానిలో దొరకుట దుర్లభము. అంతమాత్రమున చిన్నబుచ్చుకొని, లేని రాజవంశమును తెచ్చి తగిలించుకొనుట మన పెద్దలకు గౌరవము గాదు. అట్లు చేసినచో వారి నిజమైన పేర్లను మనమే తుడిచివేసినవారమగుదుము. వారి పేర్లు మఱియొక తావున నున్నవి. వెదుకు మార్గమెఱిగిన చాలును.

మొదట తెలిసికొనవలసినది కులనామమును గూర్చినది. శెట్టిబలిజయను పేరు 1920లో దొమ్మేటి వెంకటరెడ్డిగారి కృషివలన మదరాసు ప్రభుత్వముచే నంగీకరింపబడినది. అంతకు పూర్వపు జనాభా లెక్కలలోను, 1909లో వెలువడిన థర్స్టనుగారి కులగ్రంథములోను మనవారిని ‘ఈడిగ’ యను పేరుతో వెదుకవలెను. ఈ సంగతి నెఱుగనివారు పాతకాగితములలో మనవారు లేరని భ్రమింతురు. పాత పేరును చూచి సిగ్గుపడనక్కఱలేదు. అది మన తాతల చేతి తాళపుచెవి.

వెదకుట యింటనుండియే మొదలిడవలెను. వృద్ధులు జీవించియుండగానే వారిచే చెప్పించి వ్రాసికొనవలెను. ముఖ్యముగా వృద్ధస్త్రీల నడుగవలెను. ఏ యింటి పిల్ల నే యూరి కిచ్చిరో వారే యెఱుగుదురు. పిదప ట్రంకుపెట్టెలోని దస్తావేజులను, పన్ను రసీదులను, పంచాంగముల అంచులమీద వ్రాసిన జననమరణములను చూడవలెను. ఇట తిథులను గూర్చి హెచ్చరిక యవసరము. ‘శార్వరి’ యని మాత్రమే యున్నయెడల అది 1900–01 కావచ్చును, 1960–61 కావచ్చును. అఱువదేండ్ల చక్రమున ఏ తిరుగుడో తక్కిన ఆధారములతో నిర్ణయింపవలెను. రెవిన్యూ కాగితములలో నుండునది ఫసలీ. దానికి 590 కలిపినచో ఆ ఫసలీ మొదలగు ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఫసలీ 1310 అనగా 1900 జూలై మొదలు 1901 జూన్ వఱకు. పెద్దలు ‘నందన కరువు’ అనినచో అది 1832–33 నాటి క్షామము. ‘కోరంగి ఉప్పెన’ యనినచో 1839 నాటిదో కాదో విచారింపవలెను.

ఇంటి తరువాత గ్రామము. అడంగలు, రీసెటిల్మెంటు రిజిస్టరు, డైగ్లాటు, ఇనాములున్న చోట ఇనాం ఫెయిర్ రిజిస్టరు అను వానిలో ఏ నెంబరు భూమి ఎవరి పేర నుండెనో తెలియును. 1984లో వంశపారంపర్య కరణీకములు రద్దయిన పిమ్మట గ్రామపు లెక్కలు ప్రభుత్వ కార్యాలయముల వశమైనవి. భూమి లేని కుటుంబమువారు నిరాశ చెందవలదు. 1886 నాటి మదరాసు ఆబ్కారీ చట్టము ననుసరించి గీతకు లైసెన్సులిచ్చుచుండిరి. ఆ శాఖ కాగితములును వెదుకదగినవే. 1899 నాటి చట్టము ననుసరించిన జనన మరణ రిజిస్టర్లలో పెక్కుచోట్ల శిశువు పేరుండదు. తండ్రి పేరును, ఊరును బట్టి గుర్తింపవలెను.

అన్నింటికంటె ఫలమిచ్చునది సబురిజిస్ట్రారు కార్యాలయము. 1864 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు పిమ్మట నూరు రూపాయలకు తక్కువగాని స్థిరాస్తి విక్రయములు దస్తావేజులకెక్కసాగినవి. అచట రెండు సూచికలుండును. మొదటిది వ్యక్తుల పేర్లనుబట్టి, రెండవది ఆస్తులనుబట్టి కూర్పబడినది. నియమితమైన రుసుము చెల్లించి వానిని చూచుటకు ఎవరికైనను హక్కు కలదు. పాత దస్తావేజులో వ్రాసియిచ్చినవాని తండ్రి పేరు, కులము, వృత్తి, కాపురమున్న గ్రామము సామాన్యముగా నుండును. ఒక్క దస్తావేజు రెండు తరములను చూపును. పంపకపు దస్తావేజు దొరకినచో అన్నదమ్ములందఱును ఒక్కచోట కనబడుదురు.

వంశవృక్షములలో స్త్రీల పేర్లు లేకుండుట మనకున్న పెద్దలోపము. పసుపుకుంకుమల క్రింద కుమార్తెకిచ్చిన భూమి దఖలు దస్తావేజులో ఆమె పేరు నిలిచియుండును. భర్త పోయిన పిదప మైనరు బిడ్డల తరపున భూమి నమ్మిన తల్లి పేరు అమ్మకపు దస్తావేజులో నుండును. వానిని వెదకి వృక్షమున చేర్పవలెను. తల్లి పేరు లేని వంశవృక్షము సగమే.

ఊరు మాఱకున్నను కాగితములపై తాలూకా, జిల్లా మాఱుచు వచ్చినవి. 1859లో గోదావరి జిల్లా యేర్పడినది. 1925లో అది తూర్పు గోదావరి యయ్యెను. నేటి రాజోలు ప్రాంతమును పాత గ్రంథములలో నగరము తాలూకాయని చూడవలెను. కొత్తపేట తాలూకా తరువాత నేర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా యయ్యెను. ఏ సంవత్సరపు కాగితమో తెలిసినగాని అది ఏ కచ్చేరిలో నుండునో తెలియదు.

పేర్లు దొరకిన పిదప వారి కాలమెట్టిదో తెలియుటకు గ్రంథాలయములు కావలెను. రాజమహేంద్రవరమున వసురాయ, రత్నకవి గ్రంథాలయముల కలయికచే వెలసిన గౌతమీ గ్రంథాలయము కలదు. ఆ పట్టణముననే 1922లో స్థాపింపబడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికాసంపుటములు చదువదగినవి. కాకినాడలోని ఆంధ్రసాహిత్య పరిషత్తు తాళపత్రములను కాపాడినది. దానిని స్థాపించిన జయంతి రామయ్య పంతులుగారు మన కోనసీమ ముక్తేశ్వరము వారే. 1878 నాటి మోరిసు గ్రంథమును, 1907 నాటి హెమింగ్‌వే గెజెటీరును చదివినచో 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, గన్నవరపు అక్విడక్టును ఈ లంకల బ్రతుకు నెట్లు మార్చెనో తెలియును. మీ తాతగారు ఈ యూరికేల వచ్చిరను ప్రశ్నకు సమాధానము కాలువ త్రవ్విన సంవత్సరమున నుండవచ్చును. ఇంకను లోతునకు పోగోరువారు చెన్నపట్నము ఎగ్మూరులోని దస్తావేజుల భాండాగారమునకును, హైదరాబాదు తార్నాకలోని అభిలేఖాగారమునకును పోవలెను.

రంగూనునకు పోయినవారి సంగతి వేఱు. గోదావరి మండలమునుండి బర్మాకు కూలికి, వర్తకమునకు పోయినవారు వేలకొలది. 1941 డిసెంబరు 23వ తేదీని రంగూనుపై జపాను బాంబులు పడిన పిదప కొందఱు ఓడలమీద, కొందఱు అడవులగుండ కాలినడకను వచ్చిరి. కొందఱు రానేలేదు. ఆ రానివారి పేర్లు ఏ సర్కారు పుస్తకమునను దొరకకపోవచ్చును. మనియార్డరు రసీదు, రంగూను స్టూడియోలో తీయించిన ఛాయాచిత్రము, ముసలమ్మ చెప్పిన మాట, ఇవియే వారి శాసనములు. వీనిని పోగొట్టుకొన్నచో వారు రెండవమారు పోయినట్లే.

ఈ పనికి మూడు నియమములు చాలును. చెప్పినమాటను, కాగితమున చూచినదానిని వేఱువేఱుగ వ్రాయవలెను. ప్రతి పేరు ప్రక్కను అది యెచ్చట దొరకెనో గుర్తింపవలెను. తెలియని చోట ఖాళీ విడువవలెనే గాని కల్పించి పూరింపరాదు. ఖాళీని మన మనుమలు పూరింపగలరు. అబద్ధమును వారు గుర్తింపలేరు.

1986 నాటి గోదావరి వఱదకును, 1996 నవంబరు తుపానునకును మన యిండ్లలో తడిసి చెడిన కాగితములెన్నియో లెక్కలేదు. మిగిలినవి చెదల పాలగుచున్నవి. కావున ప్రతిగ్రామమునను చదువుకొన్న యువకులును యువతులును ఇద్దఱు ముగ్గురు చేరి యీ యేడు తమ యూరి కుటుంబముల పేర్లను వ్రాసి, పాతకాగితములకు నకళ్లు తీసి, వచ్చు మహాసభకు తేవలెనని కోరుచున్నారము. పోషకులు ఆ నకళ్లను భద్రపఱచుటకు ఒక బీరువాను, వ్రాయువారి ప్రయాణపు ఖర్చులను సమకూర్చినచో, అది ఏ సత్రముకంటెను తక్కువ పుణ్యము గాదు. పెద్దల పేర్లను నిలుపుటయు వారికి నీళ్లు విడచుట వంటిదే.