మన పాత యిళ్ల కిటికీలు

ఉగాది వచ్చినదనగా ఇంటికి వెల్ల వేయించి, గడపకు పసుపు పూసి, గుమ్మానికి మామిడాకులు కట్టుట మన వాడుక. గుమ్మానికి జరుగు ఈ మర్యాద కిటికీకి జరుగదు. రాజపాళెం, మంసాపురం ప్రాంతములలోని పాత యిళ్ల కొయ్య కిటికీలను ఊడబెరికి, అల్యూమినియం, ప్లాస్టిక్ చట్రములు బిగించు కాలమిది. వాని కథ కొంత తెలిసినచో మనమంత తొందరపడము.

‘కిటికీ’ అను మాట ఉత్తరాది భాషలనుండి మనకు వచ్చినది. మన యిరుగుపొరుగువారి ‘జన్నల్’ పోర్చుగీసువారి ‘జనేలా’. విజయనగర ప్రభువుల కాలమున దక్షిణమునకు తరలివచ్చిన మన పెద్దలవలెనే ఈ మాటలును వలసవచ్చి స్థిరపడినవి.

17వ శతాబ్ది చివర ఇంగ్లండులో పైకి క్రిందికి జారు కిటికీ వాడుకలోనికి వచ్చినది. త్రాడు, కప్పీ, చట్రములో దాచిన బరువుగుండు దానిని ఎత్తినచోటనే నిలుపును. కాని అది ఎంత ఎత్తినను సగమునకు మించి తెరచుకొనదు. చలిదేశమునకది చాలును. మన యెండలకు బందులపై బార్లా తెరచుకొను రెండు రెక్కలు, వాని నడుమ ఇనుప ఊచలే తగినవి.

ఇట్టి కిటికీకి శత్రువు వయస్సు కాదు, నిలువనీరు. పుచ్చు సాధారణముగా రెక్క అడుగుకమ్మీలో మొదలగును. అంతమాత్రమున రెక్కనంతయు పారవేయనక్కరలేదు. పుచ్చినంత మేర ఉలితో తీసి, అదే జాతి ఎండుకొయ్యను నార దిశ తప్పకుండ అతికిన చాలును. సన్నని బీటలకు సుద్దపొడి, అవిసెనూనె కలిపిన లప్పము సరిపోవును.

ఐప్పసి, కార్తీక వానలలో రెక్క ఉబ్బి బిగిసినంతనే చిత్రిక పట్టరాదు. ఎండ వచ్చిన పిమ్మట అదే సందు విడిచిపోవును. వానలు వెనుకబడి కొయ్య బాగుగా ఎండిన ఈ చైత్రమే మరమ్మతుకు అదను. రెక్క పై అంచునకు, అడుగు అంచునకు కూడ రంగు వేయవలెను. మనము మరచునది ఆ అంచులనే.

ఒక హెచ్చరిక. పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఇంటి రంగులలో అది పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017లోగాని అమలునకు రాలేదు. కనుక పాతరంగును పొడిగా గీకక, తడిపి గీకుడు. పిల్లలను దూరముగా నుంచుడు.

1949–52 నడుమ మద్రాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన పి. యస్. కుమారస్వామి రాజాగారు రాజపాళెములోని తమ యింటిని ప్రజలకే ఇచ్చివేసిరి. అంతటి దానము అందరివలన కాదు. ఉన్న యింటిని చెడకుండ కాచి బిడ్డల కప్పగించుట మాత్రము అందరివలన అగును. ఆ పని ఈ ఉగాదికి ఒక్క కిటికీతోనైన మొదలుపెట్టుదము.