ముసాఫిర్, ముఖీమ్, ముల్కీ: కొత్తగూడెం ప్రాంత చరిత్రలో కొత్తవారి సమస్య

ఒక మనిషి తన ఊరు విడిచి ఎరుగని ఊరికి వస్తాడు. ఇల్లు వెతుక్కుంటాడు, పని వెతుక్కుంటాడు, అక్కడి మాటతీరు నేర్చుకుంటాడు. కొంతకాలానికి ఆ ఊరి నీళ్లు అతనికి అలవాటవుతాయి. అయితే ఏ రోజు నుండి అతడు ఆ ఊరివాడు? ప్రశ్న చూడటానికి చిన్నదే. కాని దీనికి సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలు తడబడినాయి, శాసనాలు రద్దయినాయి, వీధులలో నెత్తురు కూడా చిందింది.

ఈ ప్రశ్నను ఎదుర్కొన్న రెండు వేర్వేరు న్యాయ సంప్రదాయాలలో ఒకే అంకె కనిపిస్తుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ముసాఫిర్ (ప్రయాణీకుడు) ఒకచోట 15 రోజులు గాని అంతకు మించి గాని ఉండాలని సంకల్పిస్తే ముఖీమ్ (నివాసి) అవుతాడు. నిజాం రాజ్యంలోని 1919 నాటి ముల్కీ నియమాల ప్రకారం బయటినుండి వచ్చినవాడు 15 సంవత్సరాలు స్థిరంగా నివసిస్తే ముల్కీ (దేశీయుడు) కాగలుగుతాడు. అంకె కలవడం యాదృచ్ఛికం. మొదటిది ఆరాధనకు సంబంధించినది, రెండవది ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినది. అయినా రెండింటి వెనుకనున్న ఆలోచనను పోల్చి చూడటం వృథా కాదు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దున ఒక శతాబ్దానికి పైగా సాగిన వలసల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఆ పోలిక తోడ్పడుతుంది.

సంకల్పమూ బాధ్యతా

ముసాఫిర్‌కు షరీఅత్ కొన్ని సౌకర్యాలు కల్పించింది. నాలుగు రకాతుల నమాజును అతడు రెండు రకాతులుగా చేస్తాడు. రమజాను ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు. జుమా నమాజు అతనిపై విధి కాదు. దారిలో చేతిలో పైకం లేకపోతే, తన ఊరిలో ధనవంతుడే అయినా, జకాతుకు అర్హుడవుతాడు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొన్న ఎనిమిది పద్దులలో బాటసారి పద్దు ఒకటి.

ఈ సౌకర్యాలు ఎప్పుడు ముగుస్తాయి? ఇక్కడ ధర్మశాస్త్రవేత్తలు కేవలం రోజులను లెక్కపెట్టలేదు, నియ్యత్‌ను, అనగా మనస్సులోని సంకల్పాన్ని చూశారు. రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటూ ఒకడు నెలల తరబడి ఒకచోట ఉండిపోయినా, హనఫీ మతం ప్రకారం అతడు ముసాఫిరే. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో ఆరు నెలలపాటు నమాజును సంక్షిప్తంగానే చేశారన్న ఉల్లేఖనాన్ని ఇందుకు ఆధారంగా చూపుతారు. షాఫయీ మతంలో గడువు నాలుగు రోజులే. గడువులో భేదం ఉన్నా సూత్రంలో ఒక సామ్యం ఉంది: ఉండాలని సంకల్పించినవానిపై మొట్టమొదట వచ్చి పడేది హక్కు కాదు, బాధ్యత. రెండు రకాతులు నాలుగవుతాయి. ఉపవాసం వాయిదా ఉండదు. జుమాకు ఊరివారితో కలిసి నిలబడాలి.

అయితే కొత్తవాని సంకల్పం ఒక్కటే చాలదు. అతనిని స్వీకరించే ఊరి సంగతి ఏమిటి? క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనా చేరిన ముహాజిర్ల విషయంలో మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేసిన ఏర్పాటు ఇందుకు దృష్టాంతం. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సార్‌కు సోదరునిగా జతచేశారు. సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నప్పుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దానిని తీసుకోక, అతనికి శుభం కోరి, బజారుకు దారి ఎటు అని అడిగిన సంఘటన ప్రసిద్ధమైనది. ఇచ్చేవాని ఔదార్యాన్ని అందరూ చెప్పుకుంటారు. తీసుకోనివాని నిగ్రహం కూడా అంతే గమనార్హం.

ఆ సోదరత్వంలో మొదట వారసత్వపు హక్కు కూడా ఉండేది. ముహాజిర్లు నిలదొక్కుకున్న తర్వాత ఆ హక్కు రద్దయి, వారసత్వం రక్తసంబంధీకులకే చెందింది. సోదరభావం మాత్రం నిలిచింది. అంటే కొత్తవారికి ఇచ్చిన ప్రత్యేక హక్కు వారు కుదురుకునే కాలానికి పరిమితమైనది.

దక్కనులో "గరీబ్"

దక్కనులో ఈ సమస్య వేరే రూపం తీసుకున్నది. బహమనీ రాజ్యంలో ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుండి వచ్చిన వారిని ఆఫాకీలు అనేవారు, గరీబులు అని కూడా అనేవారు. నేడు తెలుగులో "గరీబు" అంటే పేదవాడు. అరబ్బీలో దాని అసలు అర్థం పరదేశి, విచిత్రమైనవాడు. పరాయిచోట దిక్కులేనివాడే పేదవాడన్న అనుభవమే ఈ అర్థమార్పుకు కారణం కాబోలు. కాని బహమనీ గరీబులు పేదలు కారు. ఉన్నత పదవులు వారికి దక్కుతున్నాయని దక్కనీ సర్దారులు రగిలిపోయారు.

గీలాన్ నుండి 1453లో వర్తకుడుగా వచ్చిన మహమూద్ గవాన్ ఆ రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. 1472లో పూర్తయిన బీదరు మదర్సా అతని కీర్తికి సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉంది. పదవులలో ఇరుపక్షాలకు సమతూకం పాటించడానికి అతడు ప్రయత్నించాడు. అయినా ప్రత్యర్థుల కుట్రకు బలియై 1481లో సుల్తాను ఆజ్ఞతో వధింపబడ్డాడు. దాదాపు 28 సంవత్సరాల సేవ కూడా అతనిని కొందరి దృష్టిలో దక్కనువాడిని చేయలేకపోయింది.

నాలుగు శతాబ్దాల తర్వాత ఆసఫ్‌జాహీ రాజ్యంలో అదే చరిత్ర మరల మొదలయింది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను ఆధునికం చేయడానికి ఉత్తర హిందూస్థానం నుండి సమర్థులను రప్పించాడు. మొహసినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ వంటి ప్రముఖులు అలా వచ్చినవారే. వారి సామర్థ్యాన్ని ఎవరూ కాదనలేదు. కాని పదవులన్నీ బయటివారికే పోతున్నాయన్న అసంతృప్తి స్థానికులలో పెరిగింది. ముల్కీ, గైర్‌ముల్కీ అన్న మాటలు ఈ నేపథ్యంలోనే బలపడినాయి.

1919 నాటి నియమాలలో ముఖ్యమైన నిబంధన పరిశీలించదగినది. నివాసం ద్వారా ముల్కీ కావడానికి 15 సంవత్సరాల స్థిరనివాసం ఒక్కటే చాలదు. పూర్వపు నివాసస్థలానికి తిరిగి వెళ్లే ఉద్దేశాన్ని విడిచిపెట్టినట్లు మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం కూడా ఉండాలి. అంటే ఈ నియమాలు కూడా నియ్యత్‌ను అడిగినాయి. తేడా ఒక్కటే. ఫిఖహ్‌లో సంకల్పం బాధ్యతకు ద్వారం. ముల్కీ నియమాలలో అది ఉద్యోగానికి ద్వారం. బాధ్యతను కోరి ఎవరూ దొంగపత్రం పుట్టించరు. ఉద్యోగం కోసమైతే పుట్టిస్తారు. అబద్ధపు ముల్కీ సర్టిఫికెట్ల గురించి 1952లో తెలంగాణ జిల్లాలలో విద్యార్థులు ఆందోళన చేయవలసి వచ్చింది.

బొగ్గుబాయి ఊళ్లు

ఇక అటవీ సరిహద్దుకు వద్దాం. నిజాము, ఆంగ్లేయుల మధ్య 1860లో జరిగిన ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డు ఆంగ్లేయుల పరమయింది. భద్రాచలం తాలూకా మొదట మధ్యరాష్ట్రాలలోను, 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోను చేరింది. కుడి ఒడ్డు నిజాముదే. ఆ విధంగా ఒకే అడవిలోని కోయలు, కొండరెడ్లు ఏరు దాటితే మరో ప్రభుత్వపు ప్రజలయినారు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుండి అందులో కలిసినాయి. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా దాని చుట్టుపక్కల గ్రామాలు అనేకం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినాయి. మనుషులు కదలకుండానే పరాయివారు కావచ్చునని ఈ సరిహద్దు నిరూపించింది.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి దాని ఆస్తులను స్వీకరించింది. ఇల్లెందు తర్వాత కొత్తగూడెం పనులకు కేంద్రమయింది. ఊరి పేరులోనే "కొత్త" ఉంది. "గూడెం" ఆదివాసుల నివాసానికి వాడే మాట. ఒకదానిపై ఒకటి వచ్చి కూర్చున్న ఈ రెండు మాటలు ఆ పట్టణ చరిత్రను క్లుప్తంగా చెబుతున్నాయి.

బొగ్గుబాయికి కూలీలు నలువైపుల నుండి వచ్చారు. చుట్టుపక్కల జిల్లాలవారు, తీరాంధ్రులు, ఉత్తరాదివారు ఒకే సర్దారు కింద, ఒకే మస్టరులో పేరు వ్రాయించుకున్నారు. కులం, మతం, యాస వేరైనా బాయిలోకి దిగినవారందరికీ పైకప్పు ఒక్కటే. అది కూలితే అందరి మీదా కూలుతుంది. ఇలాంటి ఊళ్లకు వచ్చే కూలీలలో నాలుగు రూపాయలు వెనకేసుకొని సొంతూరికి తిరిగి వెళ్లాలన్న కోరిక సహజమే. ఏటేటా ప్రయాణం వాయిదా పడుతుంది. పిల్లలు పెరుగుతారు, పెళ్లిళ్లవుతాయి, పెద్దల సమాధులు అక్కడే వెలుస్తాయి. ఫిఖహ్ భాషలో చెప్పాలంటే, ముసాఫిర్‌గానే బ్రతుకుతూ ముఖీమ్‌గా చనిపోతారు.

పాల్వంచ నుండి సుప్రీంకోర్టు వరకు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తెలంగాణ ఉద్యోగాలకు రక్షణ ఉంటుందని హామీ ఇచ్చారు. 1957లో పార్లమెంటు చేసిన శాసనం ప్రకారం 15 సంవత్సరాల నివాస నిబంధన 1959 మార్చి నుండి అమలయింది. తర్వాత పొడిగింపు పొంది 1969 మార్చి వరకు సాగింది. గడువు ముగియవస్తున్న ఆ జనవరిలో, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికులను కాదని బయటివారిని నియమిస్తున్నారన్న ఆరోపణతో ఆందోళన లేచింది. ఖమ్మంలో విద్యార్థులు నిరాహారదీక్షకు కూర్చున్నారు. వారాలు తిరగకుండానే అది యావత్తు తెలంగాణకు ప్రాకింది. కాల్పులలో ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు.

1969 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ శాసనంలోని తెలంగాణ నిబంధన చెల్లదన్నది. 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానం పాత ముల్కీ నియమాలు చెల్లుతాయన్నది. ఈసారి ఆంధ్ర ప్రాంతం భగ్గుమన్నది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చి, అదే ఏడాది చివర ముల్కీ నియమాలు రద్దయినాయి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 15 సంవత్సరాలకు బదులు నాలుగేళ్ల చదువు లేక నివాసాన్ని స్థానికతకు కొలమానంగా నిర్ణయించింది. గడువు తగ్గింది, తిరిగి వెళ్లను అన్న ప్రమాణం పోయింది. తగవు మాత్రం పోలేదు.

అందరికంటె ముందున్నవారు

ఈ వాదప్రతివాదాలలో ఒక విషయం మరుగునపడింది. పాల్వంచ అడవిలో ఆంధ్రుడు గైర్‌ముల్కీ అయితే, వరంగల్లు నుండి వచ్చినవాడు ఎవరు? కోయవాని దృష్టిలో ఇద్దరూ బయటివారే. ఈ మాటను స్పష్టంగా వ్రాసినవారిలో ఒకడు నిజమైన పరదేశి కావడం విశేషం. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉన్నాడు. జర్మను పాస్‌పోర్టు ఉన్నందున శత్రుదేశీయుడై, హైదరాబాదు రాజ్యం దాటిపోరాదన్న ఆంక్షకు లోనయినాడు. నిజాం ప్రభుత్వం అతనిని ఆదరించి గిరిజనుల విషయంలో సలహాదారుగా నియమించింది. గోదావరి తీరపు కొండరెడ్లపై అతని గ్రంథం 1945లో వెలువడింది. బయటి వర్తకుల, గుత్తేదారుల రాకతో అడవి ప్రజలు ఎలా లోబడిపోయారో అతడు చూపాడు. ఆతిథ్యం పొందినవాడు ఆ నేలలో అందరికంటె బలహీనుల పక్షాన సాక్ష్యం చెప్పడం, కొత్తవాడు తీర్చగల ఋణాలలో ఉత్తమమైనది.

తర్వాత 1959 నాటి భూమి బదలాయింపు నిబంధన, దానిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటవ నిబంధన వచ్చినాయి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని, వారి చేతిలోని భూమి గిరిజనునిదేనని మొదట భావించాలని ఇవి చెబుతున్నాయి. సామాన్య గిరిజనేతర రైతుకు ఇది కఠినంగా తోచవచ్చు. కాని మదీనాలో ముహాజిర్ల వారసత్వపు హక్కు రద్దయినప్పటి న్యాయమే ఇందులోనూ ఉంది: నిలదొక్కుకున్న కొత్తవాడు ఆతిథ్యమిచ్చినవాని పిల్లల భాగాన్ని తినరాదు.

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కాలపు హింసకు తాళలేక బస్తరు ప్రాంతపు గొత్తికోయలు వేలసంఖ్యలో ఇదే అడవులకు వచ్చారు. అటవీహక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది. ఆ తేదీ తర్వాత వచ్చిన కుటుంబానికి సాగు హక్కు లేదు. వారు భాషకు, రక్తానికి ఇక్కడి కోయలకు దగ్గరివారు. కాగితానికి మాత్రం పరాయివారు. చేతిలో ఏమీ లేక బ్రతుకు అరచేత పట్టుకొని వచ్చిన ఇటువంటి బాటసారి కోసమే జకాతులో ఒక పద్దు కేటాయించబడింది.

స్థానికుని రక్షణ, పరదేశి ఆదరణ ఒకదానికొకటి విరుద్ధమని తలచడం పొరపాటు. మదీనాలో రెండూ ఒకే చేతితో జరిగినాయి. గడువులు ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి: 15 ఏళ్లు, నాలుగేళ్లు, ఒక తేదీ. అవి అవసరమే. కాని ఒకడు ఊరివాడైనాడా లేదా అన్నది చివరకు రెండు ప్రశ్నలతో తేలుతుంది. సంపదలో సగం ఇవ్వజూపే సఅద్ ఆ ఊరిలో ఉన్నాడా? దానిని తీసుకోక బజారుకు దారి అడిగే అబ్దుర్రహ్మాన్ వచ్చినవారిలో ఉన్నాడా? కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వీధులలో నేడు నివసిస్తున్నవారిలో అత్యధికులు ఒకటి రెండు తరాల క్రితపు ముసాఫిర్ల సంతానమే. ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవలసిన బాధ్యత ముందుగా వారిదే.