ఒక వాగెపై ఒరగు గుర్రము

అశ్వారావుపేట పేరు పాల్వంచ సంస్థానాధిపతులైన అశ్వారావులను స్మరింపజేయుచున్నది. అంతమాత్రమున ఖమ్మము, భద్రాచలముల నడిమి అడవిని గుర్రముల సీమ యనుట సాహసము. ప్రతాపరుద్రుడు 1310లో మాలిక్ కాఫూరునకు 100 ఏనుగులను, 7,000 గుర్రములను ఇచ్చెనని బరనీ వ్రాసెను. చరిత్రకారులు ఆ సంఖ్యను పలుమారు చెప్పిరే గాని, గుర్రములకు గరపిన శిక్షను విచారించుట అరుదు. సంఖ్య అశ్వబలము కాదని మా అభిప్రాయము.

శిక్షాకాలమున కొన్ని గుర్రములు దాపలి వాగెపైననో వలపలి వాగెపైననో నోటి బరువంతయు మోపును. రౌతు ఆ వాగెనే బిగించెనా, గుర్రమునకు ఆనుకొన గోడ దొరకినట్లే. దానిని క్షణకాలము సడలించి, ఆ వైపు కాలితోనే డొక్కను ఒత్తి, రెండవ వాగెను మెత్తగా నిలిపి పట్టి, ఇరుదిశల మండలములు త్రిప్పవలెను. క్రీ.పూ. 4వ శతాబ్దమున గ్రీకు రచయిత క్సెనోఫోను ఇట్టి గుర్రము మండలగతిలో బయటపడుననియు, రెండు దౌడలకును సమముగా అలవాటు చేయవలెననియు చెప్పెను. మలుపు ఏ ప్రక్క వచ్చునో తెలియని అడవిత్రోవలో ఈ దోషము రౌతునకు ప్రాణాంతకము.

మన భాషలో దీని జాడలు లేకపోలేదు. 12వ శతాబ్దపు చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున వాజివాహ్యాళి ఒక వినోదము. నేడు వాహ్యాళి యనగా షికారు మాత్రమే! మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును తెనుగున రచించెను. దాపల, వలపల యను మాటలు కాడియెడ్లకు ఇప్పటికిని చెల్లుచున్నవి. పరిశోధక విద్యార్థులు శాసనములతోపాటు రైతుల నోటి మాటను గూడ వినవలసియున్నది.