గుంటుపల్లి గుహలకు వెళ్తున్నారా? లోపలికి అడుగుపెట్టగానే ముందు పైకప్పు చూడండి!

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం జీలకర్రగూడెం. ఊరి పక్కనే కొండ. ఆ కొండ మీద రాతిని తొలిచిన ఓ గుండ్రటి గుహ.. లోపల మధ్యలో ఓ గుండ్రటి రాయి. శివరాత్రికి వచ్చేవాళ్లు ధర్మలింగేశ్వర స్వామి అని దండం పెట్టుకుని వెళ్తుంటారు. నిజానికి అది స్తూపం. దాదాపు 2,200 ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువుల కోసం తొలిచిన చైత్యగృహం ఇది.

దండం పెట్టుకుంటే తప్పేం లేదు. కానీ చాలామంది అసలు విశేషం చూడకుండానే బయటికొచ్చేస్తున్నారు. అది పైన ఉంది!

తలెత్తి చూస్తే గొడుగు విప్పినట్టు రాతి వాసాలు కనిపిస్తాయి. నడినెత్తి నుంచి చుట్టూ కిందికి దిగుతాయి. వాటికి అడ్డంగా గుండ్రంగా తిరిగిన పట్టీలు. కోస్తాలో చుట్టిల్లు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తాటాకు కప్పు కింద కర్రలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే చెక్కారు. రాతికి వాసాలతో పనే లేదు, కొండ తనంతట తానే నిలబడుతుంది. అయినా చెక్కారంటే.. అప్పటిదాకా వాళ్లు కట్టిందీ, చూసిందీ చెక్క కట్టడాలే. గుమ్మం పైన గుర్రపునాడా ఆకారంలో ఉన్న తోరణంలోనూ దూలాల చివర్లు బయటికి పొడుచుకొచ్చినట్టు మలిచారు. ఆ కాలపు చెక్క ఇళ్లన్నీ ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అవి ఎలా ఉండేవో చెప్పడానికి ఇలాంటి రాతి నకళ్లే మిగిలాయి.

ఇలాంటి పనితనం బిహార్‌లోని బరాబర్ కొండల్లోనూ ఉంది. అక్కడి సుదామ, లోమశ ఋషి గుహలు అశోకుడి కాలం నాటివి. అయితే అవి ఆజీవకులవి, బౌద్ధులవి కావు.

గుంటుపల్లిలో ఈ ఒక్క గుహే కాదండోయ్. పక్కనే భిక్షువులు ఉండే విహారాలున్నాయి. ఒక్కో గది ఒక మనిషి పడుకునేంతే. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఊరూరా తిరగకుండా ఒకేచోట ఉండాలన్నది బౌద్ధ నియమం. కొండ గుహలు అందుకు బాగా పనికొచ్చేవి. ఇంకొంచెం పైకెక్కితే ఇటుకల చైత్యం శిథిలాలు, భక్తులు మొక్కుగా కట్టించిన చిన్న చిన్న స్తూపాలు అరవైకి పైగా కనిపిస్తాయి.

ఇక్కడ దొరికిన ఒక శాసనంలో మహామేఘవాహన వంశపు రాజు సిరి సద పేరుంది. మండపం ఇచ్చింది మాత్రం రాజు కాదు.. ఆయన దగ్గర పనిచేసే లేఖకుడు చుళగోమ. అంటే ఇప్పటి లెక్కలో ఓ ఆఫీసు గుమస్తా!

ఎలా వెళ్లాలి? ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ఏలూరులో దిగి కామవరపుకోట మీదుగా రోడ్డు మార్గంలో చేరుకోవచ్చు. ద్వారకా తిరుమల దర్శనానికి వచ్చేవాళ్లు అదే ట్రిప్‌లో ఇదీ చూసుకోవచ్చు. కొండెక్కడానికి మెట్లున్నాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే హాయి. ఎండాకాలం వెళ్లాల్సి వస్తే పొద్దున్నే వెళ్లండి, రాయి కాలుతుంది. నీళ్లు వెంట తీసుకెళ్లండి.

వెళ్లినవాళ్లు గోడల మీద పేర్లు, లవ్ గుర్తులు చెక్కొద్దు. ఇది ఇసుకరాయి.. తాళంచెవితో గీసినా గాటు పడుతుంది, మళ్లీ పూడదు. పైగా ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. పాడుచేస్తే చట్టప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

గుహలో వెలుతురు తక్కువ. వాసాలు సరిగ్గా కనిపించాలంటే ఫోన్ లైట్‌ను నేరుగా పైకి కొట్టకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయండి.. నీడలు పడి ఒక్కో వాసం విడిగా తేలుతుంది. వీడియోలోనూ అదే బాగా వస్తుంది.